మత్తు, డబ్బిచ్చి కోరే సాంగత్యం ఒకే గదిలో కలిస్తే: తిరుపతి, చిత్తూరు వారికి కొన్ని జాగ్రత్తలు

తిరుపతిలో కూర్చుని ఈ విషయం రాయడమే తప్పని భావించేవారు ఉంటారు. కొండ కింద ఊరు కదా అని అందరూ నోరు మెదపకుండా ఉండటం వల్ల, బస్టాండు దగ్గరి ఏదో లాడ్జిలో రాత్రి రెండు గంటలకు ఒక మనిషి ఊపిరి అందక వింతగా గురకపెడుతుంటే, పక్కనున్న మనిషికి 108కు ఫోను చేయాలో మెట్లు దిగి పారిపోవాలో తెలియని పరిస్థితి వస్తోంది. ఈ వ్యాసం లైంగిక సాంగత్యానికి డబ్బిచ్చే వయోజనులకూ, డబ్బు తీసుకునే వయోజనులకూ సమానంగా ఉద్దేశించినది. ఎవరినీ ప్రోత్సహించడానికి గానీ, ఎవరికీ బుద్ధి చెప్పడానికి గానీ రాసినది కాదు.

నేను చెప్పదలచినది ఒక్కటే. డబ్బు మీద కుదిరిన కలయికలో ఇద్దరినీ కాపాడేవి నాలుగు: కండోమ్, ముందుగా కుదుర్చుకున్న మాట, జరిగినదాని జ్ఞాపకం, వద్దు అన్నప్పుడు ఆగగలగడం. మత్తు మొట్టమొదట దెబ్బతీసేది సరిగ్గా ఈ నాలుగింటినే. కాబట్టి రెండింటినీ వేరువేరుగా ఉంచడమే అన్నింటికన్నా మంచి జాగ్రత్త. మిగిలినవన్నీ ఆ జాగ్రత్త తప్పినప్పుడు నష్టాన్ని తగ్గించే మార్గాలు మాత్రమే.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది

పెద్దవారు ఇద్దరు ఇష్టపూర్వకంగా, ఏకాంతంగా డబ్బు మీద కలవడాన్ని మన చట్టం దానికదే నేరంగా చెప్పలేదు. అయితే 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వ్యభిచార గృహం నడపడాన్ని, ఇంకొకరి సంపాదనపై బతకడాన్ని, బహిరంగంగా బేరం పిలవడాన్ని నేరాలుగా పేర్కొంటుంది. తిరుపతి వారు ప్రత్యేకంగా గమనించవలసినది ఏడవ సెక్షన్. ప్రజలు పూజించే ఆలయానికి, విద్యాసంస్థకు, ఆసుపత్రికి 200 మీటర్ల లోపు వ్యభిచారం జరిగితే ఆ వృత్తిలో ఉన్నవారికే కాక, వారి వద్దకు వచ్చిన వ్యక్తికి కూడా మూడు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. గోవిందరాజస్వామి గుడి, కోదండరామాలయం, వీధివీధికీ ఉన్న చిన్న కోవెలలు, కళాశాలలు, ఆసుపత్రులు అన్నీ కలిపి మ్యాపు మీద వృత్తాలు గీసి చూస్తే, ఊరి నడిబొడ్డులో ఆ వృత్తాలకు వెలుపల మిగిలే లాడ్జిలు ఎన్ని ఉంటాయో మీరే అంచనా వేసుకోవచ్చు.

దీనికి మత్తుపదార్థం తోడైతే కేసు స్వభావమే మారిపోతుంది. మత్తుపదార్థాలను అరికట్టే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో కొకైన్, హెరాయిన్ వంటివి వాడినందుకు ఏడాది వరకు జైలు గానీ, 20,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి. ఇతర మత్తుపదార్థాలకు ఆరు నెలలు, 10,000 రూపాయలు. వాడినవారి కన్నా, తెచ్చి దగ్గర ఉంచుకున్నవారి పరిస్థితి ఇంకా కష్టం. గంజాయిలో ఒక కిలో వరకు, తక్కువ శిక్ష పడే చిన్న పరిమాణంగా లెక్కిస్తారని విన్నవారు పౌడరుకు, మాత్రలకు కూడా అదే వెసులుబాటు ఉంటుందనుకుంటారు. ఎక్స్‌టసీ అని పిలిచే ఎండీఎంఏ విషయంలో చిన్న పరిమాణం అర గ్రాము మాత్రమే, పది గ్రాములు దాటితే కఠినమైన శిక్ష పడే వాణిజ్య పరిమాణం. పైగా ఈ చట్టంలో సరుకు మీ దగ్గర దొరికితే, మీకు ఆ సంగతి తెలియదని నిరూపించుకోవలసిన భారం మీపైనే పడుతుంది. గది మీ ఆధార్ కార్డు మీద తీసుకున్నది, సంచి ఎవరిదో మీకు తెలియదు. ఆ పరిస్థితిని ఊహించుకోండి. మన్యం నుంచి తమిళనాడు వైపు వెళ్లే గంజాయికి మన రెండు జిల్లాలు దారిలో ఉన్నందున ఇక్కడ తనిఖీలు కూడా ఎక్కువే.

అన్నింటికన్నా బరువైనది సమ్మతి. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం, మత్తు వల్ల తాను దేనికి ఒప్పుకుంటున్నదో గ్రహించలేని స్థితిలో ఉన్న స్త్రీ చెప్పిన అవును అనే మాట సమ్మతి కాదు. ముందుగా డబ్బు ఇచ్చామన్నది దానికి జవాబు కాదు. చెప్పకుండా కూల్‌డ్రింకులో ఏదైనా కలిపి ఇచ్చి నేరానికి పాల్పడినవారికి 123వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష ఉంది, అది ఎవరు ఎవరికి కలిపినా సరే. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో సమ్మతి అన్న మాటే లేదు, అది పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద కేసు. వచ్చిన మనిషి ఫోను ఇంకొకరి చేతిలో ఉండటం, ఆమె బదులు ఎవరో జవాబులు చెప్పడం, ఆమె వచ్చేసరికే మత్తులో తూలుతూ ఉండటం గమనిస్తే అక్కడితో ఆపి 112కు, చిన్నపిల్ల అనిపిస్తే 1098కు చెప్పాలి.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలలో, సెక్స్ వర్కర్లు ఆరోగ్యం కోసం వాడే కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూడరాదని, లైంగిక దాడికి గురైన సెక్స్ వర్కర్‌కు అందరిలాగే వెంటనే వైద్య సహాయం అందాలని స్పష్టం చేసింది. పోలీసులు చూస్తారన్న భయంతో కండోమ్ లేకుండా బయలుదేరేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏది దేనితో కలిస్తే ఏమవుతుంది

మన ప్రాంతంలో అందరూ తేలికగా తీసుకునే జోడీ మద్యం, నిద్రమాత్ర. ఆల్‌ప్రజోలం, నైట్రజెపాం వంటి మాత్రలు గానీ, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు గానీ మద్యంతో కలిస్తే రెండూ కలిసి మెదడులో ఊపిరిని నడిపే భాగాన్ని మందగింపజేస్తాయి. మనిషి గొడవ చేయడు, వాంతి చేసుకోకపోవచ్చు, హాయిగా నిద్రపోయినట్టే కనిపిస్తాడు. ఆ నిద్రలోనే ఊపిరి ఆగుతుంది. ట్రమడాల్‌కు ఫిట్స్ తెప్పించే గుణం కూడా ఉంది. ఇవి మందుల షాపులో దొరికేవే కదా, ప్రమాదం ఏముంటుందన్న ధీమా వల్ల ఈ జోడీకి భయపడేవారు తక్కువ. నా దృష్టిలో గంజాయి కన్నా ముందు భయపడవలసింది దీనికే.

రెండవది అంగస్తంభన మాత్ర. సిల్డెనాఫిల్‌ను చీటీ లేకుండా కొనుక్కుని, మద్యంతోనో గంజాయితోనో కలిపి వేసుకునే మధ్యవయస్కులు గుండెకు వాడుతున్న మందులను మరచిపోతారు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ వేసుకుంటే రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోతుంది. పాపర్స్ అని పిలిచే పీల్చే ద్రవం కూడా నైట్రైట్ జాతిదే కనుక అదే ప్రమాదం. గదిలో ఛాతీ నొప్పి వచ్చి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు మొదట ఇచ్చేది నైట్రేట్ కావచ్చు. అందుకే సిల్డెనాఫిల్ వేసుకున్నానని భార్యాపిల్లల ఎదుట చెప్పలేకపోయినా, వారిని బయటకు పంపమని కోరి అయినా డాక్టరుకు చెప్పి తీరాలి. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకుండా చూస్తారు. స్తంభన నాలుగు గంటలకు పైగా తగ్గకపోతే అది కూడా అత్యవసరమే. సిగ్గుపడి తెల్లవారేదాకా ఆగితే శాశ్వత నష్టం కలుగుతుంది.

ఎండీఎంఏ శరీర ఉష్ణోగ్రతను పెంచుతుంది. మే నెలలో తిరుపతి ఎండ, ఏసీ లేని గది, శ్రమ మూడూ కలిస్తే ఒళ్లు కాలిపోయి మనిషి అయోమయంలో పడతాడు. దానికి విరుగుడని బిందెడు నీళ్లు తాగించడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. కొకైన్ మద్యంతో కలిస్తే కాలేయంలో కోకాఇథిలీన్ అనే మరో పదార్థం తయారై గుండెపై భారం పెంచుతుంది. గంజాయి పొగ గుండె వేగాన్ని పెంచుతుంది, కొందరిలో విపరీతమైన భయాన్ని, అనుమానాన్ని రేపుతుంది. తినే రూపంలో అయితే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ అనిపించదు. ఎక్కలేదని రెండోసారి తిన్నవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

గదిలోకి వెళ్లేముందు

డబ్బు, సమయం, కండోమ్, ఏది కుదరదు అన్న నాలుగు మాటలూ ఎవరూ ఏమీ తీసుకోకముందే పూర్తి కావాలి. మత్తులో మొదలైన బేరం మత్తులోనే మారుతుంది, గొడవలు చాలావరకు అక్కడే పుడతాయి. ఎదుటివారు అప్పటికే మత్తులో ఉంటే, మాట్లాడుకున్న డబ్బు పోయినా సరే, ఆ రోజుకు విరమించుకోవడమే సరైనది. ఈ వృత్తిలో ఉన్న స్త్రీకి ఇది చెప్పడం సులభమే, చేయడం కష్టమని నాకు తెలుసు; తాగమని బలవంతపెట్టే కస్టమరును కాదంటే ఆ రోజు కూలి పోతుంది. అయినా తన సీసా తానే తెరుచుకోవడం, పక్కన పెట్టి వెళ్లిన గ్లాసును తిరిగి ముట్టకపోవడం, ఎక్కడ ఉన్నదీ ఎప్పటికి బయటకు వస్తుందీ నమ్మకమైన ఒక స్నేహితురాలికి ముందే చెప్పి ఉంచడం ఆమె చేతిలో ఉన్న పనులు.

కండోమ్ విషయంలో మన ఇళ్లలో చేయి వెంటనే పోయేది కొబ్బరినూనె సీసా మీదికి. నూనె తగిలిన లబ్బరు కండోమ్ చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్ మాత్రమే వాడాలి. ఒకదానిపై ఒకటి రెండు తొడుక్కోవడం వల్ల రాపిడి పెరుగుతుందే తప్ప రక్షణ పెరగదు. సూదితో ఎక్కించుకునేవారు సిరంజి గానీ, మందు కలిపే నీళ్లు గానీ పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ మూడూ ఒకేసారి రావచ్చు.

ఇంటర్నెట్‌లో కనిపించే ప్రకటనల సంగతి కొంచెం. గది బుకింగు అని, సెక్యూరిటీ డిపాజిట్ అని యూపీఐలో ముందే డబ్బు అడిగేవారు చాలావరకు మోసగాళ్లే. సరుకు కూడా మేమే ఇస్తామని చెప్పే ప్రకటన మరింత అపాయకరం, ఎందుకంటే మత్తులో ఉన్న మనిషిని వీడియో తీసి బెదిరించడం చాలా తేలిక. అలా జరిగితే డబ్బు పంపడం ఆపి, సందేశాలు చెరపకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయాలి. ఒకసారి చెల్లించినవారిని వాళ్లు వదలరు.

మనిషి పడిపోతే

పిలిస్తే పలకకపోవడం, భుజం గట్టిగా తట్టినా, రొమ్ము ఎముకపై పిడికిలితో రుద్దినా కదలకపోవడం, గుడగుడమనే గురక, నిమిషానికి పది కన్నా తక్కువ ఊపిరులు, పెదవుల లోపలి భాగం, గోళ్లు నీలంగా మారడం, ఫిట్స్, ఛాతీ నొప్పి, కాలిపోతున్న ఒళ్లు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కు ఫోను చేయాలి. లాడ్జి పేరు, ఎన్నో అంతస్తు, దగ్గరి గుర్తు చెప్పి, మనిషికి స్పృహ లేదు, ఊపిరి సరిగా ఆడటం లేదు అని చెబితే చాలు, మీ కథంతా చెప్పనక్కరలేదు. మేనేజరును లేపి లిఫ్టు, గేటు తెరిపించండి. ఊపిరి ఉంటే మనిషిని పక్కకు ఒత్తిగిల్లజేసి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, తల కొంచెం వెనక్కి వంచి ఉంచితే వాంతి గొంతుకు అడ్డం పడదు. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి.

నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ తాగిస్తే మత్తు దిగుతుందన్న నమ్మకం మన వైపు చాలా బలంగా ఉంది. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా అది ఊపిరితిత్తులలోకి పోవచ్చు. ఉప్పునీళ్లతో వాంతి చేయించడమూ, బాత్రూములో కూర్చోబెట్టి చన్నీళ్లు కుమ్మరించడమూ అంతే. నిద్రపోతే అదే సర్దుకుంటుందని ఒంటరిగా వదిలివెళ్లడం వీటన్నింటికన్నా ఘోరం.

రుయా ఆసుపత్రికి గానీ, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి గానీ, ఏది దగ్గరైతే అక్కడికి చేర్చాలి. ఏమి తీసుకున్నారో, ఎంతసేపటి కిందటో చెప్పి, ఖాళీ మాత్రల స్ట్రిప్పును డాక్టరు చేతికి ఇవ్వండి. ట్రమడాల్, హెరాయిన్ వంటి వాటికి నాలొక్సోన్ అనే విరుగుడు మందు ఉంది, కానీ ఏమి తీసుకున్నారో తెలిస్తేనే అది సమయానికి అందుతుంది. ఆసుపత్రివారు దీన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేయవచ్చు, ఆ సంగతి దాచడంలో అర్థం లేదు. సాయం చేసినవారిని కేసుల నుంచి కాపాడే గుడ్ సమారిటన్ రక్షణ ఉంటుందని కొందరు నమ్ముతారు గానీ, మోటారు వాహనాల చట్టంలోని ఆ రక్షణ రోడ్డు ప్రమాదాలకే పరిమితం. అయినా లాడ్జి రిజిస్టరులో మీ ఆధార్, వరండా కెమెరాలో మీ ముఖం ఉంటాయి. పారిపోయినందువల్ల కేసు పోదు, ఒక మరణం మాత్రం దానికి చేరుతుంది.

తెల్లవారిన తరువాత

కండోమ్ చిరిగినా, వాడామో లేదో గుర్తులేకపోయినా, హెచ్‌ఐవీ నివారణ మందులు మొదలుపెట్టడానికి 72 గంటలే గడువు. మొదటి కొన్ని గంటలలో మొదలైతే మరీ మంచిది, 28 రోజులు మానకుండా వాడాలి. ప్రభుత్వాసుపత్రి డాక్టరును గానీ, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాన్ని గానీ అదే రోజు కలవండి; హెచ్‌ఐవీ సహాయ నంబరు 1097కు ఫోను చేసినా దారి చెబుతారు. గర్భనిరోధక అత్యవసర మాత్రకు కూడా 72 గంటలే, అది కూడా ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయట పెట్టరాదు. ఊళ్లో తెలిసినవారు కనిపిస్తారని భయపడే తిరుపతి వారు చిత్తూరులోనూ, చిత్తూరు వారు వేలూరులోనూ పరీక్ష చేయించుకోవడంలో తప్పేమీ లేదు, కానీ ఆ ప్రయాణం కోసం 72 గంటల గడువును పోగొట్టుకోకూడదు.

మత్తు లేకుండా ఆ గదికి వెళ్లలేకపోతున్నానని అనిపించడం మొదలైతే, అది డబ్బిచ్చేవారికైనా తీసుకునేవారికైనా, మత్తు మాన్పించే సహాయ కేంద్రం 14446 ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. రుయాలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్, చిన్న పరిమాణం కేసులో చిక్కిన వ్యసనపరుడు గుర్తింపు పొందిన కేంద్రంలో స్వయంగా చికిత్సకు ముందుకు వస్తే విచారణ నుంచి మినహాయింపునిస్తుంది, అయితే ఆ చికిత్సను మధ్యలో మానితే మినహాయింపు రద్దవుతుంది. హెచ్‌ఐవీ పరీక్షను మాత్రం మొదటిసారి లేదని వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి, అప్పటిదాకా ఇంట్లో భాగస్వామితో కూడా కండోమ్ తప్పనిసరి.