శరదృతువులో పాత ఊరు, పాత స్నేహితులు, ఒక కచేరీ: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

1. ముందు కచేరీ టికెట్ కొనండి. స్నేహితులు ఒక రోజు అటూ ఇటూ సర్దుకుంటారు, పాత వీధి ఎక్కడికీ పోదు. కచేరీ తేదీ మాత్రం మన కోసం మారదు. దాన్ని ట్రిప్ రెండో రోజుకో మూడో రోజుకో వచ్చేలా చూసుకోండి. దిగిన రోజే పెట్టుకుంటే రైలు లేటైనా టెన్షనే.

2. తర్వాత స్నేహితులు. "వస్తున్నా, కలుద్దాం" అని మెసేజ్ పెడితే ఆ కలవడం జరగదు. "శనివారం నాలుగింటికి, రెండు గంటలు" అని రాయండి. రోజుకు ఒక్కరే. నేనొకసారి ఒకే రోజు ముగ్గురిని పెట్టుకున్నాను. మొదటివాడు వాళ్ల నాన్న ఆఖరి రోజుల గురించి చెబుతుంటే, నేను బల్ల కింద ఫోన్‌లో టైం చూసుకుంటున్నాను. వాడు గమనించి మాట మార్చేశాడు. ఇంకో సంగతి: కచేరీకి కలిసి వెళ్లడాన్ని కలవడం కింద లెక్కేయకండి. అక్కడ మాట వినపడదు, పక్కవాళ్లు కూడా ఊరుకోరు.

3. తిరిగిన చోట్లకు మొదటిసారి ఒంటరిగా, నడిచి వెళ్లండి. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగొచ్చు. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు 22 లేదా 23 దాటిన కొద్ది రోజులకే పగటి కంటే రాత్రి ఎక్కువవుతుంది, కాబట్టి ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. చలికి పైన వేసుకునేది ఒకటి సంచీలో ఉంచుకోండి. ఐరోపాలో చాలా దేశాల్లో అక్టోబరు చివరి ఆదివారం, అమెరికాలో చాలాచోట్ల నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు. ఆ రోజు ప్రయాణముంటే టైం రెండుసార్లు చూసుకోండి.

4. కచేరీ రోజు ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. పని చోట మోతకు అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. మోత పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరైతే 15 నిమిషాలే! మైకులు పెట్టిన రాక్ షోలో ఆ మోత మామూలే. నిలబడే షో అయితే సౌండ్ మిక్సింగ్ బల్ల దగ్గర చోటు చూసుకోండి. అక్కడ కూర్చునే సౌండ్ ఇంజనీర్ తన చెవికి వినిపించేదాన్ని బట్టే సౌండ్ సర్దుతాడు, అదే మీకూ వినపడుతుంది.

ఆఖరి బస్సు ఎన్నింటికో మధ్యాహ్నమే చూసుకోండి. చివరి పాట వినాలా, బస్సు పట్టుకోవాలా అన్నది హాల్లో నిలబడి తేల్చుకునేది కాదు.