అమావాస్యకి కోరింగ వైపు చుక్కలు చూడ్డానికి వెళ్తున్నారా? ముందు మీ వెనక పాయ చూసుకోండి

మొన్న అమావాస్యకి ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి అంచున ఒక బురద మెరక మీద చిక్కుకుపోయారు. మధ్యాహ్నం నీళ్లు తీసి ఉన్నప్పుడు కెమెరా, ట్రైపాడ్, దుప్పటి పట్టుకుని నడిచి వెళ్లారు. దారిలో దాటిన పాయలో నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. చీకటి పడేదాకా కూర్చుని, ఫొటోలు తీసుకుని లేచేసరికి అదే పాయలో ఛాతీ లోతు నీళ్లు, పైగా లాగుడు. పీతల వేటకి వచ్చిన ఒకాయన వాళ్ల ఫోన్ వెలుగు చూసి నావ తిప్పబట్టి బతికారు. "పైకి చూసుకుంటా కూర్చున్నారు గానీ, ఒక్కసారి వెనక్కి చూడొద్దా బాబూ?" అని ఆయన రేవులో అడుగుతుంటే ఒక్కడూ నోరు విప్పలేదు. ఒక పిల్లాడి కాలికి బూటు లేదు. మోకాలి కింద మడ వేళ్లు గీరిన గాట్లలో బురద ఎండిపోయి ఉంది. చలికి వాడి దవడలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

రాబోయేదంతా చుక్కలు చూసే కాలం. డిసెంబరులో జెమినిడ్ ఉల్కలు, ఆ తర్వాత పుష్య మాసంలో చొల్లంగి అమావాస్య. ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదింటికి గొల్లకావిడి (ఓరియన్‌లో వరుసగా ఉండే మూడు చుక్కలు) దాదాపు నడినెత్తిన ఉంటుంది, దక్షిణాన కిందుగా అగస్త్య నక్షత్రం మెరుస్తుంటుంది. చూడొద్దని నేను అనను. ఈ గోదావరి డెల్టాలో పుట్టి ఆ ఆకాశం చూడకపోతే ఎలా? కానీ ఒక్క సంగతి తెలియక వెళ్లి ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లని నేను చూశాను, అందుకే రాస్తున్నాను.

చంద్రుడు ఉండడని అందరం అమావాస్యనే ఎంచుకుంటాం. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చేదీ ఆ రోజే. సూర్యచంద్రులిద్దరి ఆకర్షణా కలిసి పోటు (సముద్రం నీళ్లు పొంగి రావడం) బాగా పెరుగుతుంది. అమావాస్య ఒక్కనాడే కాదు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కూడా అంతే. పాటు (నీళ్లు తియ్యడాన్ని వేటగాళ్లు పాటు అంటారు) కూడా ఆ రోజుల్లో ఎక్కువే. మామూలుగా నీళ్లలో ఉండే మెరకలు కూడా బయటపడి, రమ్మని పిలుస్తున్నట్టు కనిపిస్తాయి. ఆకాశం బాగుండే రాత్రీ, నీళ్లు ప్రమాదంగా ఉండే రాత్రీ ఒకటే.

అందరూ చేసే తప్పు ఇదీ: పోటు సముద్రం వైపు నుంచి, ఎదురుగా, కనిపిస్తూ వస్తుందనుకుంటారు. అలా రాదు. నీరు ముందు పల్లానికి పోతుంది. పల్లం అంటే మీరు దాటొచ్చిన పాయ. మీరు కూర్చున్న మెరక పొడిగానే ఉంటుంది, ఎదురుగా సముద్రం దూరంగానే ఉంటుంది, వెనక పాయ మాత్రం చప్పుడు లేకుండా నిండిపోతుంది. కాళ్ల దగ్గరికి నీళ్లొచ్చి మీరు లేచేసరికి తిరిగి వెళ్లే దారి మునిగిపోయి ఉంటుంది. అందుకే చెప్తున్నాను, పాయ దాటి అవతలికి వెళ్లి చుక్కలు చూడొద్దు. చీలమండ లోతే ఉన్నా దాటొద్దు.

బయల్దేరే ముందు

ఆ రోజు పోటు ఎప్పుడో తెలుసుకోండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. మధ్య సుమారు ఆరు గంటలు. ఇవాళ్టి వేళకంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సముద్రం సూచనలు ఇస్తుంది, చూడండి. కాకినాడ రేవుకి ఇచ్చిన టైము పాయల లోపల కచ్చితంగా సరిపోదు, లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా అందుతుంది. అది తెలిసేది అక్కడ రోజూ వేట చేసేవాళ్లకే. వాళ్లు తిథిని బట్టి వేళ చెప్పేస్తారు. మొహమాటపడకుండా అడగండి. తూర్పు గాలి గట్టిగా ఉన్నా, బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నా చెప్పిన దానికంటే నీళ్లు ఎక్కువే వస్తాయి. ఆ రోజు వెళ్లొద్దు.

కోరింగ 1978 నుంచి అభయారణ్యం. రాత్రి లోపల ఉండాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. చాటుగా వెళ్లినవాళ్లకి ఏదైనా జరిగితే, వాళ్లు అక్కడ ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలియదు. 235 చదరపు కిలోమీటర్ల అడవిలో పాయలన్నీ ఒకేలా ఉంటాయి, ఎక్కడని వెతుకుతారు? ఊళ్లో ఎవరికైనా ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్లండి.

అక్కడికి చేరాక

కూర్చోవడానికి ఏటిగట్టు మంచిది. లేదా ఊరు ఆనుకుని ఉన్న బీచ్. చేరగానే నీటి అంచున ఒక కర్ర పాతి, గుడ్డ కట్టండి. పావుగంటకోసారి టార్చ్ వేసి చూడండి. ఒకరు పైకి చూస్తుంటే ఇంకొకరు నీళ్లు చూడాలి.

గట్టు మీద పాముల్ని మర్చిపోవద్దు. కట్లపాము రాత్రి తిరుగుతుంది. అది కరిస్తే చాలాసార్లు నొప్పీ ఉండదు, వాపూ ఉండదు, ఏ చీమో కుట్టిందని ఊరుకుంటారు. అనుమానం వచ్చినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదపకుండా ఉంచండి.

బురదలో కాలు దిగబడితే గుంజొద్దు. గుంజితే రెండో కాలు ఇంకా లోతుకి దిగుతుంది. వెనక్కి వాలి, బరువు నడుము మీదా వీపు మీదా పరిచి, కాలిని చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ పైకి తీయండి. రబ్బరు బూట్లు వేసుకోవద్దు, బురద పట్టేస్తుంది. చెప్పుల్లేకుండానూ వెళ్లొద్దు, ఆలిచిప్పలు కోసేస్తాయి. తాళ్లు బిగించిన పాత కాన్వాస్ బూట్లు వేసుకోండి.

ఫోన్ టార్చ్‌ని నమ్ముకోవద్దు. చుక్కల యాప్ వాడితే రాత్రి పదింటికే బ్యాటరీ అయిపోతుంది. విడిగా టార్చ్, ఒక ఈల, తాగే నీళ్లు.

టార్చ్‌కి ఎర్ర కాగితం కట్టండి. చీకటికి అలవాటుపడిన కళ్లు చెదరవు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. వాటి మీద ఎర్ర లైటు కూడా వేయొద్దు. తాబేలు పిల్లలు గుడ్ల నుంచి బయటికొచ్చే రోజుల్లో తెల్లటి లైటు కనిపిస్తే సముద్రం వదిలేసి అటే పాకుతాయి.

రొయ్యల చెరువుల గట్ల మీద నడవొద్దు. ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కరెంటు తీగలు కింద పడి ఉంటాయి. తడి కాళ్లతో అసలే వద్దు. కాపలా వాళ్లకి ముందే చెప్పండి.

చీకట్లో కొమ్మలు విరవొద్దు. మడల్లో పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోవచ్చు.

మంట వేయొద్దు. పాటలు పెట్టొద్దు. బావురుపిల్లి కళ్లు మెరిస్తే వెంటపడొద్దు.

తాగి రావొద్దు. తాగినవాణ్ని వెంట తీసుకురావొద్దు.

సంక్రాంతి రోజుల్లో అర్ధరాత్రి దాటాక మంచు దిగుతుంది. పది అడుగుల అవతల గట్టు కనిపించదు. మంచు మొదలవ్వగానే లేవండి, ఇంకొక్క ఫొటో అనొద్దు.

చిక్కుకుపోతే ఈదొద్దు. చీకట్లో పోటు లాగుడుకి ఎదురు ఈదలేరు. ఉన్నదాంట్లో ఎత్తయిన చోటికి చేరండి, పక్కన గట్టి మడ చెట్టు ఉంటే ఎక్కండి. 112కి ఫోన్ చేయండి, ఈల ఊదండి, టార్చ్ ఊపండి. పాటు మొదలయ్యేదాకా అక్కడే ఉండండి. కెమెరా కోసం దిగొద్దు.

పాయ దాటొద్దు. పొడిగా ఉన్నా దాటొద్దు. ముందు వెళ్లినవాడు దాటాడని మీరు దాటొద్దు.