మండుటెండలో తిండి మేళా చూడాలంటే

మే నెలలో బెజవాడలో తినుబండారాల మేళా పెడితే అందరూ ఎండ తగ్గాక, ఆరు దాటాక బయల్దేరతారు. నేను మాత్రం మూడింటికే మా అత్తగారిని స్కూటర్ ఎక్కించుకుని వెళ్తాను. మతి పోయిందా అంటారు మావాళ్లు. సాయంత్రమైతే ఏ స్టాల్ దగ్గరా నిలబడటానికి చోటుండదు, అమ్మేవాళ్లకు మాట్లాడే తీరికా ఉండదు. ఎండవేళ వెళ్తే "రుచి చూడండమ్మా" అని వాళ్లే చేతిలో పెడతారు.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. రెండు ముద్దలు పెరుగన్నం తింటే చాలు. మంచినీళ్ల సీసా, రెండు స్టీలు డబ్బాలు, కాస్త చిల్లర, ఒక పాత తువ్వాలు సంచిలో పడేసుకోండి.

లోపలికి వెళ్లగానే ఏమీ కొనకుండా ఒక చుట్టు తిరగండి. ఆ తర్వాత మొదట ముంజలు. కాయ మన ఎదుటే కొట్టించుకోవాలి. వేలితో నొక్కితే మెత్తగా, లోపల నీళ్లు కదిలినట్టు ఉండాలి. గట్టిగా తగిలిందా, ముదిరినట్టే. మా అత్తగారు తొక్కతోనే తింటారు. నాకా వగరు పడదు, వలుచుకుంటాను.

ఆత్రేయపురం పూతరేకుల వాళ్లు వస్తే అక్కడ పావుగంట ఆగాల్సిందే. బోర్లించిన కుండ, కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద పరిచి ఇలా లాగేస్తారు, అంతే, రేకు తయారు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వీటికి. అయినా డబ్బా మీద పేరు చూసి కాదు, ఎదుట చుట్టినవే కొనండి.

పోయినేడాది నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. అరడజను బెల్లం పూతరేకులు డిక్కీలో పెట్టి, పైన మామిడిపళ్ల సంచి పడేశాను. ఇంటికొచ్చేసరికి రేకులు పొడి, బెల్లం నెయ్యి కలిసి ముద్ద. అత్తగారు చెంచా వేసుకుని తిన్నారనుకోండి, అది వేరే సంగతి. అప్పట్నుంచి స్టీలు డబ్బాలో పెట్టి, వెనక కూర్చున్నవాళ్ల ఒళ్లో ఉంచుతున్నాను.

కాకినాడ గొట్టం కాజా కొరికేటప్పుడు ముందుకు వంగండి, లేకపోతే పాకం చీర మీదే. నూజివీడు చిన్నరసాలకు కత్తి అడగొద్దు. అరచేతుల్లో మెల్లగా పిసికి, ముచ్చిక తుంచి, జీడి పిండేసి నోట పెట్టుకోవడమే. బందరు లడ్డు ఎటూ పాడవదు, ఆఖర్న కొనండి.

ఐదున్నరకు బజ్జీల మూకుడు పొయ్యెక్కుతుంది. తొలి వాయిలో ఒక ప్లేటు తిని బయటపడండి. తువ్వాలు అప్పుడు తీయాలి. మిగిలిన నీళ్లతో తడిపి స్కూటర్ సీటు మీద పరిచి, కాసేపాగి, అప్పుడు పెద్దావిడను కూర్చోమనండి.