రిమ్‌వరల్డ్‌లో తలకి దెబ్బ తగిలినోడు లేవట్లేదా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు రిమ్‌వరల్డ్ (మనుషుల్ని చూసుకుంటూ కాలనీ నడిపే కంప్యూటర్ ఆట) ఆడే మన కుర్రాళ్ళ దగ్గర తరచూ వినపడే ప్రశ్న ఇది: "అన్నా, గాయాలన్నీ కట్టేసినం. మందంతా అయిపోనాది. మనోడు మంచం దిగట్లేదు. ఏటి సెయ్యాల?"

ముందు చెయ్యాల్సింది మందు ఆపడం. ఈ ఆటలో మెదడుకి తగిలిన గాయం మందుతో మానదు. కట్టు ఎంత బాగా కట్టినా, డాక్టర్ ఎంత గొప్పోడైనా, ఆ దెబ్బ మచ్చగా మిగిలిపోతుంది. చెయ్యి పోతే కొత్త చెయ్యి అమర్చొచ్చు, గుండె పోతే బయోనిక్ గుండె పెట్టొచ్చు. మెదడు మార్చే ఆపరేషన్ మాత్రం లేదు. అందుకే మనోడు పడిపోయింది మెదడు వల్లనేనా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎక్కడ చూడాలి

మనిషి మీద క్లిక్ చేసి హెల్త్ ట్యాబ్ తెరవండి. అక్కడ కాన్షియస్‌నెస్ (స్పృహ) అని ఒక శాతం కనిపిస్తుంది. దాని మీద మౌస్ పెట్టి ఆపితే ఏయే కారణాలతో తగ్గిందో వరసగా చూపిస్తుంది. చాలామంది ఇది చూడకుండా గాయాల లిస్టు ఒక్కటే చూస్తారు. ఈ శాతం 30 కంటే కిందికి పోయిందంటే మనిషి లేవడు. అన్నం కూడా ఇంకొకరు తెచ్చి తినిపించాల్సిందే.

పడుకున్నోడు లేవకపోతే

ఆపరేషన్ అయ్యి ఎంతోసేపు కాలేదనుకోండి, అది మత్తు. దిగేదాకా ఆగండి. రక్తం బాగా పోయి ఉంటే కారుతున్న గాయం కట్టి, తిండి పెట్టి, కొన్ని రోజులు పడుకోనివ్వండి, తిరిగి పడుతుంది. నొప్పి 80 శాతం చేరితే కాన్షియస్‌నెస్ బాగానే ఉన్నా మనిషి కూలిపోతాడు. గాయాలు మానేకొద్దీ లేస్తాడు. ఒంటి మీద గీత కూడా లేకుండా పడి ఉంటే అది క్యాటటోనిక్ బ్రేక్‌డౌన్. మనసు విరిగి పడిపోయినోడన్నమాట. దానికీ మందు లేదు, కొన్ని రోజుల్లో తనే లేస్తాడు.

ఇవేవీ కాకుండా గాయాల్లో బ్రెయిన్ అన్న వరస కనిపిస్తే అప్పుడు లెక్క వెయ్యాలి. పెద్ద మనిషి మెదడుకి 10 పాయింట్లు. రెండు పోతే మిగిలేది 80 శాతం. ఐదు పోతే సగం. ఏడు దాటి పోతే మంచమే. పదీ పోతే అక్కడికక్కడే చావు. రెయిడ్‌లో (శత్రువుల దాడిలో) ఒక్క తూటా తగిలి మంచి షూటర్ చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

దీనికి ఉన్న దారులు

మొదటిది హీలర్ మెక్ సీరం. ఒక్కసారి వాడితే ఒక్క జబ్బు పోతుంది. దేన్ని బాగుచెయ్యాలో మనం చెప్పలేం, అదే ఎంచుకుంటుంది. కాబట్టి ప్రాణం తీసే రోగం ఇంకేదైనా ఒంట్లో ఉంటే ముందు దాని సంగతి చూసి, మెదడు గాయమే పెద్దదిగా మిగిలాక సీరం వెయ్యండి. వ్యాపారులు తెచ్చినప్పుడు ఖరీదుగానే ఉంటుంది. అయినా నేనైతే ఇంకో బయోనిక్ కాలు మానుకుని దీన్నే కొంటాను.

రెండోది లూసిఫెరియం, ఎర్ర మాత్ర. పాత మచ్చల్ని కూడా మెల్లగా ఒక్కొక్కటే మాన్పుతుంది, మెదడు మచ్చ కూడా అందులోకే వస్తుంది. పైగా వేసిన వెంటనే కాన్షియస్‌నెస్ 10 శాతం పెంచుతుంది. 25 శాతం దగ్గర మంచంలో ఉన్నోడు 35కి చేరి లేచి నడుస్తాడు. ఇది చూసి సంబరపడిపోయేవాళ్ళు చాలామంది. చిక్కంతా తర్వాతే. మొదటి మాత్రతోనే అలవాటు పడుతుంది, ఆ అలవాటు దానంతట అది పోదు. ఆరేడు రోజులకొక మాత్ర చొప్పున పడాలి. ఆటలో ఏడాదికి 60 రోజులు కాబట్టి ఏడాదికి సుమారు 9 మాత్రలు. కాలనీలో తయారు చేసుకోలేం, బయటినుంచి రావాల్సిందే. మాత్ర అందకపోతే పిచ్చెక్కి సొంతవాళ్ళ మీదే పడతాడు, చివరికి చస్తాడు. ఇరవై మాత్రలైనా చేతిలో లేకుండా ఇది మొదలెట్టొద్దని నా మాట. సాధారణ కూలీకైతే అసలే వద్దు. ఆ కాలనీకి ఉన్న ఒకే ఒక్క డాక్టర్ పడిపోయాడనుకోండి, అప్పుడు ఆలోచించొచ్చు.

2021లో వచ్చిన ఐడియాలజీ (ఆటకి అదనంగా కొనే భాగం) కొనుక్కున్నవాళ్ళకి మూడో దారి ఉంది: మనిషిని లోపల పెట్టి బాగుచేసే బయోస్కల్ప్టర్ పాడ్‌లో బయోరీజెనరేషన్ సైకిల్. గ్లిట్టర్‌వరల్డ్ మెడిసిన్ (ఆటలో అన్నిటికంటే మేలైన మందు) కావాలి, చాలా రోజులు పడుతుంది. అలవాటు గొడవ లేదు. రీసెర్చ్ అక్కడిదాకా వచ్చి ఉంటే ఇదే మేలు.

ఏదీ లేకపోతే పాత సేవ్‌కి వెనక్కి పోవచ్చు. కమిట్‌మెంట్ మోడ్‌లో ఆడేవాళ్ళకి అదీ లేదు. అందులోనూ మనవాళ్ళు కాలనిస్టులకి మేనమామ పేరో, బావమరిది పేరో పెట్టుకుంటారు. అక్కడ లెక్కలు పని చెయ్యవు, సీరం ఎంతైనా సరే కొంటారు.

లేచాడు గానీ ఏ పనైనా నత్తనడకే

80 శాతమో, 70 శాతమో ఉన్నోడిది ఇది. కాన్షియస్‌నెస్ తగ్గితే నడక, చేతిపని, మాట మూడూ తగ్గుతాయి. చేతిపని తగ్గితే వైద్యం, వంట, తుపాకీ గురి అన్నీ దెబ్బతింటాయి. చాలాసార్లు దీనికి మందు కంటే పని మార్చడమే మంచిది. కత్తి పట్టే డాక్టర్‌గా తీసేసి మోతకి, ఊడ్పుకి పెట్టండి. అక్కడ ఆలస్యమైతే ఎవరి ప్రాణమూ పోదు. నొప్పి పెట్టే పాత మచ్చలు ఒంటి మీద ఉంటే అవి కూడా కాన్షియస్‌నెస్‌ని లాగుతుంటాయి. నొప్పి తెలియకుండా మెదడులో అమర్చే పెయిన్‌స్టాపర్ పెడితే ఆ వాటా తిరిగొస్తుంది. సంతోషంగా ఉంటాడు కదా అని జాయ్‌వైర్ (మెదడులో పెట్టే ఇంకో పరికరం) మాత్రం పెట్టకండి, అది ఇంకో 20 శాతం తినేస్తుంది.

దెబ్బ లేదు, కానీ దారి తప్పి తిరుగుతున్నాడు

ఇది గాయం కాదు, డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు. వయసు మీద పడితే వస్తుంది. కుళ్ళడం మొదలైన శవానికి రిసరెక్టర్ సీరం (చచ్చినోణ్ణి బతికించే మందు) వేసినా రావచ్చు. పోవాలంటే హీలర్ సీరం ఒక దారి. బతికించుకోవాలనుకున్నోణ్ణి ఆలస్యం చెయ్యకుండా బతికించండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి.

సైకిక్ షాక్ లాన్స్ అనే ఆయుధంతో పడగొట్టి పట్టుకున్న ఖైదీల సంగతి కూడా ఇక్కడే. ఆ లాన్స్ కొన్నిసార్లు మెదడుని కాల్చేస్తుంది. మీ కాలనీలో కలుపుకునే ముందు హెల్త్ ట్యాబ్ చూసుకోండి.

ముందే ఆపడం

సరైన పరిష్కారం హెల్మెట్. రాయగడ నుంచి పార్వతీపురం రోడ్డు మీద హెల్మెట్ని అద్దానికి తగిలించి పోయేవాళ్ళని రోజూ చూస్తుంటాం. ఆటలో వాళ్ళకి మన మాట వినక తప్పదు. అసైన్ ట్యాబ్‌లో ఒక అవుట్‌ఫిట్ చేసి, సింపుల్ హెల్మెట్ గానీ ఫ్లాక్ హెల్మెట్ గానీ ఉంచి మిగతా టోపీలన్నీ టిక్ తీసెయ్యండి. ఎండ మ్యాపుల్లో వేడి తట్టుకుంటుందని కౌబాయ్ టోపీలు పెట్టి రెయిడ్‌కి దించుతారు. ఎండ నుంచి కాపాడుతుంది నిజమే, తూటాకి మాత్రం అది ఒక లెక్క కాదు. సింపుల్ హెల్మెట్‌కి కొంచెం ఉక్కు చాలు, మొదటి ఏడాదిలోనే అందరికీ వచ్చేస్తుంది.

స్క్రీన్ మసకబారి చెవుల్లో హోరు

ఇదీ తల దెబ్బ గొడవే, కానీ రిమ్‌వరల్డ్‌లో కాదు, వేరే ఆటలైన ఫాల్అవుట్ 3 గానీ, 2010 నాటి ఫాల్అవుట్ న్యూ వేగస్ గానీ ఆడేవాళ్ళది. గ్రాఫిక్స్ కార్డు పోయిందని కేబుల్ పీకి పెట్టినవాళ్ళున్నారు. కార్డు బాగానే ఉంది, మీ పాత్ర తల క్రిపుల్ అయ్యింది, అంటే బాగా దెబ్బతింది. పర్సెప్షన్ (చుట్టూ ఉన్నది గమనించే శక్తి) కూడా పడిపోయి ఉంటుంది. పిప్‌బాయ్‌లో (పాత్ర చేతికి ఉండే చిన్న కంప్యూటర్‌లో) స్టేటస్ తెరిచి, తల మీద స్టిమ్‌ప్యాక్ (గాయాలు మాన్పే ఇంజెక్షన్) వెయ్యండి, లేదా మంచం దొరికితే పడుకోండి, పోతుంది. న్యూ వేగస్‌లో హార్డ్‌కోర్ మోడ్ పెట్టుకుంటే మాత్రం ఈ రెండూ పని చెయ్యవు. డాక్టర్స్ బ్యాగో, ఊళ్ళో డాక్టరో కావాలి. బ్యాగు బరువని అమ్మేసుకోకండి, కనీసం ఒకటి ఉంచుకోండి.