పెన్‌డ్రైవ్ పోయినా మీ కాగితాలు బయటపడొద్దంటే

కేయూ క్రాస్‌రోడ్ దగ్గరో హన్మకొండ చౌరస్తాలోనో ఏదైనా నెట్ సెంటర్‌కి వెళ్లి "అన్నా, ఇదొక్కటి ప్రింట్ తియ్యి" అని పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టేస్తాం. అందులో ఆ ఒక్క ఫైలే ఉంటుందా? పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, ఇంట్లో అందరి ఆధార్‌లు, నాయన పేరు మీదున్న పట్టాదారు పాస్‌బుక్ స్కాన్ దాకా అన్నీ అందులోనే. అది కౌంటర్ మీద మర్చిపోతే, లేదా కాజీపేటలో రైలు దిగేటప్పుడు జేబులోంచి జారిపోతే, దొరికినవాడికి పండగే.

ఫోల్డర్‌ని హిడెన్ పెట్టడం, 'పాటలు' అని పేరు మార్చడం తాళం కిందికి రావు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయకపోతే, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్టు మార్చకపోతే, విండోస్ లాగిన్ పాస్‌వర్డ్ కూడా అంతంత మాత్రమే, హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ కనిపిస్తాయి. ఎన్‌క్రిప్షన్ చేసిన ఫైల్ అలా కాదు, దాన్ని ఎక్కడికి తీసుకెళ్లి తెరిచినా పాస్‌వర్డ్ లేకపోతే అర్థంలేని అక్షరాల గుట్టే.

ఒకటి రెండు ఫైళ్లే అయితే 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. ఫైళ్లు సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, 'యాడ్ టు ఆర్కైవ్'. ఫార్మాట్ దగ్గర జిప్ వద్దు, 7జెడ్ పెట్టండి. జిప్ పెడితే అది మామూలుగా జిప్‌క్రిప్టో అనే పాత పద్ధతి వాడుతుంది, అది బలహీనం. 7జెడ్‌లో ఏఈఎస్-256 అనే గట్టి ఎన్‌క్రిప్షన్ పద్ధతి వస్తుంది. కింద 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్' అనే టిక్ తప్పకుండా పెట్టండి, లేకపోతే లోపలి ఫైల్ తెరుచుకోదు గానీ పేరు మాత్రం అందరికీ కనిపిస్తుంది, 'నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్' అని పేరు పెట్టుకున్నాక ఇంకేం దాచినట్టు?

కాగితాలు ఎక్కువుంటే వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్ మేలు, అన్నిటినీ దాచుకునే తాళం పెట్టెలాంటి ఒక ఫైల్ చేసిస్తుంది. 'క్రియేట్ వాల్యూమ్' నొక్కి, 'ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటెయినర్', ఆ తర్వాత 'స్టాండర్డ్' ఎంచుకోండి. ఫైల్ ఎక్కడ ఉండాలో చూపించి, ఏఈఎస్ అని ఉన్నది అలాగే వదిలేసి, సైజు ఇవ్వండి. సర్టిఫికెట్లకైతే 500 ఎంబీ బోలెడు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదని గుర్తుంచుకోండి. పాస్‌వర్డ్ ఇచ్చాక మౌస్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పమంటుంది. అది తమాషాకి కాదు, తాళంచెవి తయారీకి ఎవరూ ఊహించలేని అంకెలు కావాలి కాబట్టి మీ చెయ్యి కదలికలు తీసుకుంటుంది. తర్వాత 'ఫార్మాట్' నొక్కండి. ఇక వాడాలనుకున్నప్పుడల్లా ఆ ఫైల్‌ని 'మౌంట్' చేస్తే కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది, పనయ్యాక 'డిస్‌మౌంట్' చేయాలి, కొత్త వర్షన్లలో 'అన్‌మౌంట్' అని ఉంటుంది. అది మర్చిపోతే ఇంతసేపు చేసిందంతా దండగ.

ఇప్పుడు అసలు సంగతి, పాస్‌వర్డ్. ఏఈఎస్ తయారుచేసింది బెల్జియంకి చెందిన యోన్ డామెన్, విన్సెంట్ రైమెన్. 2001లో అమెరికా దాన్ని ప్రమాణంగా తీసుకుంది. అది ఎలా పనిచేస్తుందో అందరికీ తెలుసు, అయినా ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ పనికొచ్చేలా పగలగొట్టలేదు. అంతకుముందు, 1977 నుంచి ఉన్న డీఈఎస్ అనే పద్ధతిలో తాళంచెవి 56 బిట్లే, అంటే 56 సున్నాలూ ఒకట్ల వరసే, 1998లో ఒక ప్రత్యేక యంత్రంతో మూడు రోజుల్లోపే దాన్ని వెతికి పట్టుకున్నారు. 256 బిట్ల చెవితో ఆ ఆట సాగదు, అందుకే దొంగ ఏఈఎస్ జోలికి పోడు, మీ పాస్‌వర్డ్ మీద పడతాడు.

ఈ-ఆధార్ పీడీఎఫ్ చూడండి. పాస్‌వర్డ్ ఉంటుంది నిజమే, కానీ అది పేరులో మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. పేరు తెలిస్తే వంద ఊహలు కూడా అక్కర్లేదు, జిరాక్స్ షాపు పిల్లాడు కూడా ఒక నిమిషంలో తెరుస్తాడు. ఓరుగల్లు123, పిల్లల పేర్లు, బండి నంబరు కూడా ఇదే బాపతు.

నిఘంటువులో ఎక్కడపడితే అక్కడ తెరిచి, సంబంధం లేని ఐదు మాటలు తీసుకోండి. 7,776 మాటల పట్టికలోంచి నిజంగా గుడ్డిగా ఐదు తీస్తే వచ్చే కలయికలు 28 పక్కన 18 సున్నాలు పెట్టినంత. మనకు నచ్చిన మాటలు ఏరుకుంటే మాత్రం ఆ లెక్క చెల్లదు. తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోవాలి, ఇవాళ 'చింత'లో 'టి' పక్కన 'హెచ్' పెట్టి రేపు పెట్టకపోతే మీ ఫైల్ మీకే తెరుచుకోదు. ఇక్కడ 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' బటన్ ఉండదు, ఏ మీసేవకి పోయినా రాదు. కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కాగితం మీద రాయొద్దని కొందరు భయపెడతారు గానీ, ఇంట్లో బీరువా తెరిచే దొంగ వేరు, బస్టాండ్‌లో పెన్‌డ్రైవ్ దొరికినవాడు వేరు. ఆ కాగితం ఫొటో తీసి అదే పెన్‌డ్రైవ్‌లో మాత్రం పెట్టకండి.

మరి నెట్ సెంటర్‌లో ఎలా? అక్కడ ఆ తాళం తెరవకండి. పాస్‌వర్డ్ కొట్టేది వాళ్ల కంప్యూటర్‌లో, దాంట్లో మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ దాచుకునే కీలాగర్ ఏదైనా ఉందో ఏమో ఎవరికి తెలుసు, పైగా వెరాక్రిప్ట్‌కి అడ్మిన్ పర్మిషన్ కావాలి. ఇంటి దగ్గరే తెరిచి, ప్రింట్ కావాల్సిన ఒక్క ఫైల్‌ని వేరే ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. ఒప్పుకునే చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. షాపు నంబర్‌కి వాట్సాప్ చేస్తే దారిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, కానీ చేరాక అది వాళ్ల ఫోన్‌లో మామూలు ఫైలే.

మీ ఫోన్‌లోనూ ఒక పని మిగిలింది. వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి 'ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' ఆన్ చేయండి. పాత ఫైళ్లు డిలీట్ చేసే ముందు తాళం వేసిన ఫైల్‌ని ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి, దాని కాపీ ఇంకోటి వేరే చోట పెట్టండి. పాత పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రావచ్చు, అందుకని దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.