విశాఖలో రోడ్డు పక్కన కాలనీవాళ్లు మొక్కలు నాటాలంటే అర్జీ ఎలా పెట్టాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖలో ఎండ ఎలా కొట్టిందో అప్పుడు ఇక్కడున్న ఎవరూ మర్చిపోరు. చెట్లు కూలి ఒక్క రోజులో రోడ్ల మీద నీడంతా పోయింది. పచ్చదనం త్వరగా తిరిగి రావాలని ఆ తర్వాత ఊరంతా ఏడాకుల పాయ మొక్కలు నాటారు. ఏపుగా పెరిగాయి, నీడా ఇచ్చాయి. కానీ చలికాలం మొదట్లో అవి పూసినప్పుడు ఆ ఘాటు వాసనకు తల తిరుగుతోందని, ఆయాసం వస్తోందని జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు.

ఏ చెట్టు, ఎక్కడ అన్నది ఒకసారి తప్పితే ముప్పై ఏళ్లు భరించాలి. మంచి పనే కదా, అనుమతి ఎందుకు అని చాలామంది అడుగుతారు. అందుకే.

ముందు తేల్చుకోవాల్సింది ఆ రోడ్డు ఎవరిది అన్న సంగతి. కాలనీ రోడ్లు, ఊళ్లోని చాలా మెయిన్ రోడ్లు నగరపాలక సంస్థ అయిన జీవీఎంసీవి. కానీ హైవే మీదైతే జాతీయ రహదారుల సంస్థను, పోర్టు వైపు రోడ్లకు పోర్టు అథారిటీని అడగాల్సి రావచ్చు. కొన్ని రోడ్లు రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) కింద, కొన్నిచోట్ల డివైడర్లు, పార్కులు విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చేతిలో ఉంటాయి. మా కాలనీ మొదటి అర్జీ ఇక్కడే ఆగిపోయింది. అది తమ రోడ్డు కాదని ఆఫీసువాళ్లు చెప్పేసరికి వానలు వెళ్లిపోయాయి, ఆ ఏడాది ఒక్క మొక్కా పడలేదు. మీకు అలా కాకూడదు. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని (వసతులు చూసే ఉద్యోగిని) అడిగితే రోడ్డు ఎవరిదో చెబుతారు. చెప్పలేకపోతే, ఎవరిని అడగాలో అయినా చెబుతారు.

జీవీఎంసీ రోడ్డయితే అర్జీ కమిషనర్ గారి పేరున, ఉద్యాన విభాగానికి రాయండి. తెల్లకాగితం చాలు. జోనల్ ఆఫీసులో ఇవ్వొచ్చు, ఆశీల్‌మెట్టలోని ప్రధాన కార్యాలయంలోనూ ఇవ్వొచ్చు. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, అంటే పీజీఆర్‌ఎస్‌లో ఇస్తే నంబరు పడుతుంది కాబట్టి తర్వాత ఆరా తీయడం తేలిక. ఎక్కడ ఇచ్చినా రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు.

అర్జీలో అసలు బలం ఉండాల్సింది నీళ్ల దగ్గర. మొక్కలు నాటుతాం అని రాసే అర్జీలు ఆఫీసులకు కొత్త కాదు. ఎవరు తడుపుతారు, ఎన్నాళ్లు తడుపుతారు అన్నది రాసే అర్జీలే తక్కువ. కనీసం రెండు ఎండాకాలాలు గట్టెక్కితేగాని రోడ్డు పక్క మొక్క తన కాళ్ల మీద నిలబడదు. మేం రెండోసారి రాసిన అర్జీలో ముఖ్యమైన ముక్క ఇది:

“ఫలానా స్తంభం నుంచి ఫలానా స్తంభం వరకు, రోడ్డుకు ఎడమ పక్క, 24 మొక్కలు నాటదలిచాము. వాటికి మా అపార్ట్‌మెంట్ బోరు నుంచి వారానికి మూడుసార్లు నీళ్లు పోస్తాము. ఒక్కో మొక్క బాధ్యత ఒక్కో కుటుంబానిది. ఆ కుటుంబాల పేర్లు, ఫోన్ నంబర్లు జతచేశాము. చనిపోయిన మొక్క స్థానంలో వచ్చే వానాకాలం మేమే కొత్తది నాటుతాము.”

దీనికి జతచేయాల్సినవి: సంఘం రిజిస్ట్రేషన్ కాపీ, తీర్మానం కాపీ, స్థలం ఫోటోలు, చేత్తో గీసినదైనా సరే ఒక స్కెచ్. ఆ స్కెచ్‌లో కరెంటు తీగలు, డ్రైనేజీ, మంచినీళ్ల పైపు, షాపుల మెట్లు, బస్టాపు, మలుపు అన్నీ చూపించండి. తనిఖీకి వచ్చే అధికారి చూసేవి ఇవే. సంఘానికి రిజిస్ట్రేషన్ లేకపోతే నలుగురైదుగురు బాధ్యులు ఆధార్ కాపీలతో సంతకాలు పెట్టి ఇవ్వండి, సరిపోతుందో లేదో జోనల్ ఆఫీసులో ముందే అడగండి. దాత పేరుతో బోర్డు పెట్టాలనుంటే ఆ మాట అర్జీలోనే రాయాలి. చెప్పకుండా పెట్టిన బోర్డు ప్రకటన కిందికి వస్తుంది.

మొక్కల జాబితా కూడా మీరే రాసివ్వడం మంచిది. సముద్రపు ఉప్పుగాలికి గంగరావి బాగా తట్టుకుంటుంది. కానుగ, వేప, పొగడ నీడకు మంచివి. కరెంటు తీగల కింద ఇవేవీ వద్దు, అక్కడ దేవగన్నేరు లాంటి పొట్టివి చాలు. నేరేడు నాకు చాలా ఇష్టమైన చెట్టు, కానీ బళ్లు తిరిగే రోడ్డు మీద రాలిన పండ్లకు టూవీలర్లు జారుతాయి. డివైడర్‌లో గన్నేరు, కాగితంపూలు పెడితే ఎదురుగా వచ్చే బళ్ల లైట్ల వెలుగు కంట్లో పడదు, గన్నేరును పశువులూ ముట్టుకోవు. జంక్షన్ దగ్గర మాత్రం నడుము ఎత్తు దాటేది ఏదీ వద్దు, మలుపు తిరిగేవాడికి ఎదుటి బండి కనబడాలి. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క మాట ఎవరైనా ఎత్తితే వద్దనండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది.

అర్జీ ఏప్రిల్లోనే పడాలి. తనిఖీ అయి అనుమతి చేతికొచ్చేసరికి మే నెల వస్తుంది. అప్పుడు రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంతలు తీసి ఎండకు వదిలేయాలి. జూన్‌లో నేల బాగా తడిశాక నాటాలి. అనుమతి కాగితం లేకుండా గుంత తవ్వి కేబులో పైపో తెగిందంటే ఆ ఖర్చు, టెన్షన్ రెండూ మీవే.

నెల దాటినా జవాబు రాకపోతే ముందు అర్జీ నంబరు పట్టుకుని ఉద్యాన విభాగానికి నేరుగా వెళ్లండి. చాలాసార్లు కాగితం ఎవరో ఒకరి బల్ల మీద తనిఖీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ రోజే తేదీ ఇచ్చేస్తారు. అప్పటికీ కదలకపోతే అర్జీ ఏ దశలో ఉందో చెప్పమని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

నాటే రోజు గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. మా వీధి చివర వాడిపోయిన ఒక కానుగ మొక్కను ఎండాకాలంలో పీకి చూశాం. నల్ల ప్లాస్టిక్ సంచి అలాగే ఉంది. వేర్లు బయటికి దారిలేక సంచి లోపలే చుట్టలు చుట్టుకుని, తాడు పేనినట్టు బిగుసుకుపోయాయి. ఫోటోలు దిగే హడావిడిలో ఎవరో సంచితోనే దించేశారు. అలాంటి మొక్క ఒకవేళ బతికినా వేరు పక్కలకు పాకదు, తుఫాను గాలికి ముందుగా ఒరిగేది అదే. సంచి కోసి, చుట్టుకున్న వేర్లు వేళ్లతో విడదీసి, మట్టిముద్ద చెదరకుండా దించాలి. ఊతానికి వెదురు కర్ర, చుట్టూ మీటరు మేర సిమెంటు లేని పాదు ఉండాలి. చెట్ల చుట్టూ మీటరు దూరం కాంక్రీటు తీసేయమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో ఆదేశించింది. మీ రోడ్డుకు కొత్తగా టైల్స్ వేస్తున్నప్పుడు కాంట్రాక్టరుకు ఈ మాట గుర్తుచేయండి.

నాటింది మీరే అయినా చెట్టయ్యాక దాన్ని కొట్టే హక్కు మీకు లేదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం ప్రకారం దానికి మళ్లీ అనుమతి కావాలి. కొమ్మ తీగలకు తగులుతుంటే కత్తి తీసుకుని ఎక్కకుండా కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్లకు ఫోన్ చేయండి, లైన్ ఆపి వాళ్లే కొడతారు.