'కర్నూలు' కాస్తా 'కరనల' అవుతోందా? సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు, గుర్తులు చెడకుండా చూసుకోవడం ఎలా

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఊరి పేరు 'కడప' అని కొడితే సరిగ్గానే పడుతుంది. 'కర్నూలు' అని కొడితే 'కరనల' అవుతుంది. తప్పు కీబోర్డుది కాదు, ఫాంటుదీ కాదు. పేర్లలో అక్షరాలు తప్ప ఇంకేమీ రాకూడదని ప్రోగ్రామర్ పెట్టిన వడపోతది. ప్రతి భాష అక్షరానికీ కంప్యూటర్‌లో ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లు, సున్నా అక్షరాల కిందికి రావు. 'మార్కులు' అనే వేరే తరగతిలో ఉంటాయి. కడపలో అవేవీ లేవు కాబట్టి గట్టెక్కుతుంది.

1. పరీక్షకు గట్టి మాటలు ఎంచుకోండి

ప్రొద్దుటూరు, అనంతపురం, రాజ్‌కుమార్, డి'సౌజా, రెడ్డి & సన్స్, డోర్ నంబరు 14/2, ఒక ఎమోజీ. వీటిని సేవ్ చేసి, మళ్లీ తెరిచి, ప్రింటు తీసి, ఎక్సెల్‌లోకి కూడా పంపి చూడండి. స్క్రీన్ మీద బాగున్నది ప్రింటులో చెడటం మామూలే. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టినది మాత్రం నేరుగా అతికించకండి. అది యూనికోడ్ కాదు, ముందు మార్చుకోవాలి.

2. చెడిన తీరును బట్టి చోటు పట్టండి

????? అని పడితే డేటాబేస్‌కో, దానికి వెళ్లే కనెక్షన్‌కో తెలుగు పట్టే ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే బైట్లుగా మార్చే పద్ధతి) లేదు. సేవ్ అయినవే ప్రశ్నార్థకాలైతే అసలు పేరు పోయినట్టే, మళ్లీ కొట్టాల్సిందే. నెత్తిన గీతలున్న ఇంగ్లిషు అక్షరాలు, ° గుర్తులు వరసగా కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. చాలావరకు బైట్లు భద్రంగానే ఉంటాయి, చదివే ఎన్‌కోడింగే తప్పు. ఆ స్థితిలో మళ్లీ సేవ్ కొట్టకండి. పేరు చివర � వస్తే బైట్ల లెక్కతో ఎక్కడో కోశారు.

3. డేటాబేస్ సరిచేయండి

ముందు బ్యాకప్. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో పాత 'యూటీఎఫ్8' ఎన్‌కోడింగ్ ఒక్కో గుర్తుకు 3 బైట్ల దాకానే పట్టిస్తుంది. తెలుగుకు అది సరిపోతుంది, 4 బైట్ల ఎమోజీకి సరిపోదు. కాలమ్‌లనూ కనెక్షన్‌నూ రెండింటినీ 'యూటీఎఫ్8ఎంబీ4'కు మార్చండి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కథ మొదటికే వస్తుంది.

కొలతా చూడండి. 'ప్రొద్దుటూరు' కంటికి నాలుగక్షరాలే. యూనికోడ్‌లో 12 గుర్తులు, 36 బైట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఊరి పేరుకు 30 అని పెడితే అవి మామూలుగా బైట్లే, ప్రొద్దుటూరు పట్టక ఎర్రర్ వస్తుంది.

4. గుర్తులను తీసేయకండి, వాటి చోట వాటిని ఉంచండి

డి'సౌజా అని కొట్టగానే ఎర్రర్ వస్తే అన్నిటికన్నా ప్రమాదం. వాడుకరి కొట్టిన మాటను డేటాబేస్‌కు ఆదేశమిచ్చే ఎస్‌క్యూఎల్ వాక్యంలోకి నేరుగా అతికించారన్నమాట. ఆ ఒంటి కోట్‌తో వాక్యంలో పేరు అక్కడికే ముగిసినట్టవుతుంది. కావాలనుకున్నవాడు దాని వెనక తన ఆదేశం తగిలించగలడు. కోట్‌ను నిషేధించడం మందు కాదు, డిసౌజా అని రాసుకోమనడానికి మనమెవరం? ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (విలువల చోట ఖాళీలు ఉంచి ముందే సిద్ధం చేసిన వాక్యం) వాడి, విలువను విడిగా పంపండి.

డేటాబేస్‌లో మాట ఉన్నదున్నట్టు ఉండాలి. వెబ్ పేజీలో చూపేటప్పుడే <, &, కోట్ గుర్తులను ఎస్కేప్ చేయాలి, అంటే వాటి బదులు వాటి కోడ్ రూపం రాయాలి. సేవ్ చేసేటప్పుడొకసారి, చూపేటప్పుడొకసారి చేస్తే బిల్లు మీద డి&#39;సౌజా అని పడుతుంది. లింకులో పంపేటప్పుడు & బదులు %26 వెళ్లాలి, లేకపోతే 'సన్స్' ఎగిరిపోతుంది.

5. వడపోత సడలించండి

పేర్లలో అక్షరాలతో పాటు మార్కులు, ఖాళీ, చుక్క, ఒంటి కోట్, జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరంతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు) ఒప్పుకోండి. కంటికి కనబడదని ఈ చివరిదాన్ని తీసేస్తే రాజ్‌కుమార్ 'రాజ్కుమార్' అవుతాడు. వెతికేటప్పుడు మాత్రం దాన్ని పక్కనబెట్టి పోల్చండి.

6. ఎక్సెల్

సీఎస్‌వీ (విలువలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైలును డబుల్ క్లిక్ చేయకండి. 'డేటా' ట్యాబ్‌లోంచి తెచ్చుకుని, ఫైల్ ఆరిజిన్ 65001 (యూనికోడ్ యూటీఎఫ్-8) ఎంచుకోండి. డోర్ నంబరు కాలమ్‌ను 'టెక్స్ట్'గా పెట్టకపోతే 14/2 కాస్తా ఫిబ్రవరి 14 అయిపోతుంది.